మీటరు కిందికి దించితే

ఆవుల షెడ్డు గోడకున్న అమ్మోనియా మీటరు ఊడదీసి, పడుకున్న ఆవు మూతి దగ్గర పెట్టాను. నెమరు ఆపకుండానే ఒకసారి వాసన చూసి వదిలేసింది. పైన 7 చూపించిన అమ్మోనియా, అంటే ముక్కును మండించే ఆ ఘాటు వాయువు, కింద కాసేపట్లోనే 18 పీపీఎంకి (పది లక్షల భాగాల గాలిలో 18 భాగాలకు) వెళ్లింది.

మనం షెడ్డులో కాసేపు నిలబడి వెళ్లిపోతాం. ఆవు రోజులో దాదాపు సగం పడుకునే ఉంటుంది. మూత్రంలోని యూరియా, పేడలోని ఎంజైమూ కలిసేది ఆ నేల మీదే. అమ్మోనియా పుట్టేదీ అక్కడే, ఆవు దాన్ని పీల్చేదీ అక్కడే. ఆవు దగ్గాక చూద్దాంలే అంటే ఎలా?

వేడి సంగతీ అంతే. థర్మామీటరు 28 చూపిస్తే మనకు హాయిగానే ఉంటుంది. తేమ 80 శాతం ఉంటే మాత్రం ఉష్ణోగ్రత-తేమ సూచిక, అంటే వేడినీ తేమనూ కలిపి లెక్కగట్టే అంకె, దాదాపు 80కి చేరుతుంది. బాగా పాలిచ్చే ఆవుకు 68 దగ్గరే ఇబ్బంది మొదలు. కడుపులో మేత పులిసి పుట్టే వేడి దానికి అదనం. అందుకే నేను అంకెతో పాటు డొక్కలూ చూస్తాను. నిమిషానికి 60 శ్వాసలు దాటాయంటే ఫ్యాను వేయడానికి ఇంకేం రుజువు కావాలి!

చలికాలంలో అన్నీ మూసేసి "వెచ్చగా ఉంచాం" అనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఒళ్లు పొడిగా ఉంటే పెద్ద ఆవు చలిని బాగానే ఓర్చుకుంటుంది. కప్పు లోపలి నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయా? లోపల గాలి మారడం లేదన్నమాట. ముందు పైన సందు తెరవండి.