విజయనగరం కోట, మా హాల్లో

వేసవి సెలవులకు మనవలు హైదరాబాద్ నుంచి దిగారు. మే నెలలో విశాఖ సంగతి తెలిసిందే. ఎండకంటే ఉక్కపోత ఎక్కువ, సాయంత్రం అయిదు దాటితే గాని పిల్లల్ని బీచ్‌కు తీసుకెళ్లలేం. ఫోన్లు లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకని పూర్ణా మార్కెట్ వైపు పనిమీద వెళ్లినప్పుడు ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్లు, ఫెవికాల్ డబ్బా తెచ్చాను. రంగుల పుల్లలు కూడా ఉన్నాయి గానీ, నాకు చెక్క రంగే ఇష్టం.

చిన్నాడు వెంటనే ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. సన్నటి టవర్లు, వాటి మీద కోను టోపీలు. రాజకుమార్తెలుండే యూరప్ కోట. "ఇది కడదాం తాతా."

కట్టొచ్చు. కానీ అరవై కిలోమీటర్ల దూరంలో నిజం కోట ఉంటే ఎక్కడో ఉన్నదాన్ని కట్టడం నాకు నచ్చలేదు. విజయనగరం కోట కడదామన్నాను. 

"ఏటి తాతా, దానికి టవర్లే లేవు!"

పెద్దదాన్ని, అంటే మనవరాల్ని, వేరే దారిలో పట్టుకున్నాను. ఆ కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. రాజు పేరు విజయరామరాజు, ఊరి పేరు విజయనగరం, రోజు విజయదశమి, వారం జయవారమైన మంగళవారం, ఏడాది విజయ నామ సంవత్సరం. ఇలా అయిదు విజయాలు కలిశాయని చెబుతారు. అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే ఆ విజయ, మళ్లీ 2013లో వచ్చింది. మా పెద్దది పుట్టింది ఆ ఏడాదే. "అంటే సరిగ్గా 300 ఏళ్లు!" అంది. అక్కడితో ఓటు మన వైపు తిరిగింది.

చిన్నాడికి మాత్రం యుద్ధం కావాలి. యుద్ధం జరిగింది బొబ్బిలి కోట మీద, 1757 జనవరిలో. విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటేసుకుని అక్కడికి వెళ్లాడు. చెప్పాక వాడు కాసేపు ఆలోచించి, "అయితే మనం కట్టేది విలన్ల కోటా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి "అవున్నాన్నా" అని వినిపించింది. మా ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి పక్కనే ఒక పల్లె.

నేను ఉద్యోగం చేసింది షిప్‌యార్డ్ మోల్డ్ లాఫ్ట్‌లో. ఓడ గీతల్ని నేల మీద నిలువెత్తు సైజులో గీసి, వాటి ప్రకారం టెంప్లేట్లు చేసే చోటు అది. కాబట్టి గీత లేకుండా నా చెయ్యి కదలదు. ముందు స్కేలు తేల్చమని పెద్దదానికి అప్పగించాను. అసలు కోట చతురస్రం, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు సుమారు 10 మీటర్లు. పుల్ల పొడవు 11.4 సెంటీమీటర్లు. గోడ ఒక పుల్ల ఎత్తుంటే పొడవెంత? కాగితం మీద లెక్కవేసి, టేపు పట్టుకుని హాల్లో కొలిచి, "సోఫా బయట పడెయ్యాలి తాతా" అంది. 273 సెంటీమీటర్లు మరి. పుల్లను సగానికి విరిచినా మీటరు మీద 37 సెంటీమీటర్లు వస్తుంది.

అసలు కోట ఎంత వెడల్పో, ఎంత పొట్టో అప్పుడు తెలిసింది వాళ్లిద్దరికీ. బొమ్మల్లో కోటలన్నీ ఆకాశంలోకి ఎగబాకుతుంటాయి. ఇదేమో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. చివరికి ఇంట్లో ఉన్న ప్లైవుడ్ ముక్కను బట్టి వైపుకు 60 సెంటీమీటర్లు ఖాయం చేశాం. స్కేలు ఒదులుకోవడం నాకు పంటి కింద రాయిలాగే ఉంది. కానీ ప్లైవుడ్ మాట వినదు కదా.

పుల్లల్ని సగానికి విరవడంలో పిల్ల ఒక లాభం కనిపెట్టింది. కత్తెరతో కోస్తే పుల్ల నిలువునా చీలుతుంది. అందుకని రెండు వైపులా బ్లేడుతో గీటు పెట్టి విరవాలి. బ్లేడు పని నాది, విరిచే పని వాళ్లది. అలా విరిచిన ప్రతి ముక్కకూ ఒక చివర చదును, ఒక చివర గుండ్రం. గుండ్రటి చివర్లన్నీ పైకి పెట్టి వరసగా నిలబెడితే గోడ అంచున పళ్లలా ఉండే కోటకొమ్మలు వాటంతటవే వచ్చేశాయి! వేరే అతికించాల్సిన పనే లేదు. పుల్ల వెడల్పు ఒక సెంటీమీటరు, నాలుగు గోడలకూ 240 ముక్కలు, అంటే 120 పుల్లలు. ద్వారాల ఖాళీ పోను ఇంకా తక్కువే. ప్రతి ప్యాకెట్లోనూ వంకర పుల్లలు కొన్ని ఉంటాయి. అద్దం బల్ల మీద పెట్టి వేలితో నొక్కితే ఊగేది వంకర. వాటిని లోపలి మహలుకు దాచాం.

చార్టు మీద గీత, దాని మీద పాలిథిన్ షీటు, దాని మీద ముక్కలు. లోపలి వైపు రెండు అడ్డ పుల్లల వరసలు. అడ్డ పుల్లల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకూడదని చెప్పాను. పై వరసలో అతుకున్న చోట కింద వరసలో నిండు పుల్ల ఉండాలి. ఓడ ప్లేట్లకూ ఇటుక గోడకూ అదే సూత్రం. జిగురు దగ్గర మాత్రం చిన్నాడితో రోజూ గొడవే. ఎంత ఎక్కువ పోస్తే అంత గట్టి అని వాడి నమ్మకం. ఫెవికాల్లో నీళ్లుంటాయి, అవి చెక్కలోకి ఇంకి, గాలికి ఆరితేనే అంటుకుంటుంది. మన సముద్రపు గాలికి అసలే ఆలస్యం. గోడల్ని లావుపాటి పుస్తకాల కింద పెట్టి రాత్రంతా ఫ్యాను వేసేవాళ్లం.

ఒక ప్రయోగం మటుకు ఏ ఇంట్లోనైనా చేయించమంటాను. నాలుగు పుల్లల్ని చదరంగా, మూలకో చుక్క జిగురుతో అంటించి, ఆరాక పక్కకు తోయమనండి. వాలిపోతుంది. మూల నుంచి మూలకు ఒక్క ఏటవాలు పుల్ల అంటించి మళ్లీ తోయమనండి. మావాడు రెండు చేతులతో తోసి, మొహం ఎర్రబడ్డాక గాని ఒప్పుకోలేదు. ఆ తర్వాత గోడల వెనకాల ఎక్కడ పడితే అక్కడ ఏటవాలు పుల్లలు అంటించాడు, అవసరం ఉన్నా లేకపోయినా.

బురుజులకు బట్టల షాపులో తాను చుట్టే అట్ట గొట్టం కోసి, చుట్టూ నిండు పుల్లలు అంటించాం. వాటిని గోడ మూలలో లోపలికి పెట్టాలా, బయటికి పొడుచుకొచ్చేలా పెట్టాలా అని వచ్చింది. నేను చెప్పలేదు. ప్లాస్టిక్ సైనికుణ్ణి గోడ మొదట్లో ఆనించి నిలబెట్టి, బురుజు మీద నుంచి వాడు కనిపిస్తాడేమో చూడమన్నాను. చిన్నాడు చెంప ప్లైవుడ్‌కు ఆనించి, ఒంటికన్నుతో చూశాడు. బురుజు లోపలుంటే గోడ అడ్డం. అంగుళం బయటికి జరిపితే గోడ పొడవునా కనిపిస్తుంది. "ఇప్పుడు కాల్చెయ్యొచ్చు!" అని అరిచాడు. టవర్ల మాట ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు.

నగారాఖానా అనే తూర్పు ద్వారానికి వంపు కావాలి. పుల్లల్ని వేడినీళ్లలో బాగా మరిగించి, మెత్తబడ్డాక స్టీలు గ్లాసు లోపల వంచి పెట్టి, మర్నాటిదాకా కదపకూడదు. కొన్ని విరుగుతాయి, మిగిలినవి వంపు తిరిగి నిలుస్తాయి. "బొబ్బిలిని తగలెట్టిన వాళ్ల గుమ్మానికి నా కాఫీ గ్లాసులివ్వను" అంది మా ఆవిడ. పిల్లలు బతిమాలితే, చిన్న బొబ్బిలి కోట కూడా కడతామని మాట తీసుకుని ఇచ్చింది. ఆ బాకీ ఇంకా ఉంది.

పడమటి ద్వారం తూర్పుదానికంటే చిన్నది. కోటలో ఎవరైనా పోతే ఆ దారినే బయటికి తీసుకెళ్లేవారని చెబుతారు. చెప్పి ఉండాల్సింది కాదని వాళ్లమ్మ అంది గానీ, పిల్లలకు అన్నిటికంటే నచ్చిన ద్వారం అదే. అగడ్తలో నిజం నీళ్లు పోస్తామంటే, ఫెవికాల్ నానితే గోడలు ఊడతాయని ఆపాను. నీలం ప్లాస్టిక్ కవరు పరిచాం. అసలు కోటలోనూ ఇప్పుడు అగడ్తలో నీళ్లు లేవు కాబట్టి మనకేం తక్కువ కాలేదు.

మూలల్లో జిగురు పెట్టనివ్వలేదు నేను. గోడ చివర్లు బురుజు గాడిలోకి దిగుతాయంతే. షిప్‌యార్డ్‌లో ఓడను బ్లాకులుగా కట్టి తర్వాత కలిపే అలవాటు నాది. రైల్లో ఆ 60 సెంటీమీటర్ల కోటను ఎవరు మోస్తారు? నాలుగు గోడలు విడిగా, బురుజులు విడిగా చీరల అట్టపెట్టెలో సర్ది, గోదావరి ఎక్స్‌ప్రెస్ బెర్తు కింద తోశాం.

నిన్న వీడియో కాల్లో చూపించారు. పెద్దది అన్నీ సరిగ్గానే కలిపింది. మహలు స్థానంలో మాత్రం చిన్నాడి డైనోసార్లున్నాయి. ఒకటి నిన్ననే చచ్చిపోయిందట. పడమటి ద్వారంలో పట్టడం లేదు, వెడల్పు చెయ్యడానికి బ్లేడు కావాలంటున్నాడు. వాళ్లమ్మకు ఫోన్ ఇమ్మన్నాను.