ఏసీఎల్ చిరిగిన మోకాలికి ఎముక మూలుగ ఇంజెక్షన్: నా అనుభవం

నా కుడి మోకాలిలో ఏసీఎల్, అంటే తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టే లిగమెంట్ (గట్టి నారల పట్టీ), కొంత తెగింది. ఎంఆర్ఐలో గ్రేడ్ 2. ల్యాక్‌మన్ పరీక్షలో, అంటే మోకాలిని 20-30 డిగ్రీలు వంచి కింది ఎముకను ముందుకు లాగి చూస్తే, ఎడమ కాలికంటే కాస్త ఎక్కువే జరుగుతోంది గానీ చివర్లో టక్కున ఆగుతోంది. నేను ఫిజియోని కాబట్టి ఆ ‘టక్కు’ విలువ తెలుసు. అది లేకుండా మెత్తగా జారిపోతే లిగమెంట్ పూర్తిగా తెగినట్టే. కొసలు ఎడంగా జరిగిపోయిన లిగమెంట్‌లో ఎన్ని స్టెమ్ సెల్స్ (కొత్త కణజాలంగా మారగల మూలకణాలు) పోసినా అతుక్కోవడానికి ఆధారం ఉండదు. అలాంటివాళ్లు ఈ ఇంజెక్షన్ గురించి ఆలోచించి కాలం పాడుచేసుకోవద్దు.

మోకాలి లోపలి పక్కనుండే ఎంసీఎల్ తెగితే బ్రేస్ వేసి ఊరుకున్నా చాలావరకు అతుక్కుంటుంది. ఏసీఎల్ అలా కాదు. అది కీలు నడిమధ్యన, కీలు ద్రవంలో ఉంటుంది. తెగినచోట రక్తం గడ్డకట్టి నిలబడితేనే దాని మీద కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఆ గడ్డ అక్కడ నిలవదు, ద్రవంలో చెదిరిపోతుంది. స్టెమ్ సెల్ ఆశంతా ఈ లోటు చుట్టూనే.

మొదట వెళ్లిన క్లినిక్‌లో లక్షల ప్యాకేజీ చెప్పారు. ‘కణాలు ఎక్కడినుంచి తీస్తారు?’ అంటే ‘చేతి నరం నుంచి’ అన్నారు. అది పీఆర్‌పీ. ప్లేట్‌లెట్లను చిక్కబరిచిన మీ రక్తమే, స్టెమ్ సెల్ పేరు పెట్టి అమ్ముతున్నారు. ఎముక మూలుగ నుంచి తీసి సెంట్రిఫ్యూజ్‌లో చిక్కబరిచేది బీమాక్. అందులో స్టెమ్ సెల్స్ ఉంటాయి, కానీ చాలా కొద్ది: మూలుగలోని కేంద్రకమున్న కణాల్లో 0.001 నుంచి 0.01 శాతం. మూడోది ల్యాబ్‌లో వారాల తరబడి పెంచిన కణాలు. 2022లో మన మార్కెట్లోకి వచ్చిన స్టెమ్‌వన్ ఈ కోవది. అయితే దాని అనుమతి మోకాలి అరుగుదలకే, లిగమెంట్‌కు కాదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మామూలు వైద్యంగా చేయదగిన స్టెమ్ సెల్ చికిత్స రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి ఒక్కటే. లిగమెంట్‌కు చేస్తే అది ప్రయోగమే, క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. అందుకే ట్రయల్ చూసుకుని చేరాను. చేరేముందు దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి మూడు చూశాను: ఎథిక్స్ కమిటీ అనుమతి, చేసే ఆసుపత్రి పేరు అక్కడ ఉందా, రిజిస్ట్రేషన్ తేదీ మొదటి పేషెంటును చేర్చుకున్న తేదీకి ముందుందా. 2018 ఏప్రిల్ 1 నుంచి ముందే రిజిస్టర్ చేయడం తప్పనిసరి. సమ్మతి పత్రంలో హాని జరిగితే పరిహారం ఎవరిస్తారో ఉండాలి. ఆ పేరా లేకపోతే సంతకం పెట్టొద్దు.

రెండు వారాల ముందే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఆపించారు. మానడం మొదలవ్వాలంటే వాపు ప్రక్రియ కావాలి, ఈ మందులు దాన్నే నొక్కేస్తాయి. నొప్పికి పారాసిటమాలే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌ని అడగాలి.

మూలుగ తీసేది నడుము వెనక, తుంటి ఎముక పైగట్టు నుంచి. బోర్లా పడుకోబెట్టి చర్మానికీ ఎముక పైపొరకూ మత్తిస్తారు. సూది దిగేటప్పుడు నొప్పి కాదు, బరువు తెలుస్తుంది. అసలు బాధ సిరంజి లాగినప్పుడు. ఎముక లోపలికి మత్తు చేరదు కాబట్టి తొడదాకా జివ్వుమని లాగుతుంది, ఐదారు సెకన్లే. ఒకేచోట నుంచి యాభై అరవై మిల్లీలీటర్లు లాగేస్తే మూలుగ కాదు, మామూలు రక్తం వస్తుంది. చిక్కటి సరుకంతా మొదటి రెండు మూడు మిల్లీలీటర్లలోనే. మంచి చెయ్యి ఉన్న డాక్టర్ కొంచెం లాగి, సూదిని తిప్పి, లోతు మార్చి, మళ్లీ కొంచెం లాగుతాడు. నా మొదటి సిరంజిని వెలుతురుకి పెట్టి చూపించారు: ముదురు ఎరుపులో నూనె చుక్కలు, ఇసుక రేణువుల్లా ఎముక పొట్టు. అవి కనిపిస్తే సరైన చోటే తీసినట్టు. సిరంజిలో ముందుగా హెపారిన్ (గడ్డకట్టనివ్వని మందు) తడపకపోతే మూలుగ గడ్డకడుతుంది, గడ్డకట్టింది పొరలుగా విడిపోదు. మొత్తం 60 మిల్లీలీటర్లు తీశారు. పావుగంట తిప్పాక అడుగున ఎర్రకణాలు, పైన లేత పసుపు ప్లాస్మా, మధ్యలో గోరంత మందాన తెల్లటి పొర. కావలసింది ఆ పొరే, దాని చుట్టుపక్కలది కలిపి ఏడు మిల్లీలీటర్లు వచ్చింది.

ఇంజెక్షన్ సీ-ఆర్మ్ ఎక్స్‌రే కింద చేశారు. ముందు చుక్క కాంట్రాస్ట్ మందు (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) వేస్తారు. అది తెర మీద నారల వెంబడి గీతలా సాగితే సూది లిగమెంట్‌లో ఉన్నట్టు, మబ్బులా పరుచుకుంటే కీలు ఖాళీలోకి పోతున్నట్టు. నాకు మొదటిసారి మబ్బే వచ్చింది, సూది మార్చారు. లిగమెంట్‌లో పట్టేది రెండు మూడు మిల్లీలీటర్లే, మిగతాది కీలులోకి. ఒక సంగతి ముందే అడగండి: చర్మానికిచ్చే మత్తుమందును కీలులోకి కూడా వదులుతారా అని. లిగ్నోకైన్, బుపివకైన్ లాంటివి మృదులాస్థి కణాలకీ స్టెమ్ సెల్స్‌కీ పడవు. ఇంత కష్టపడి తీసిన వాటిని అక్కడే చంపుకున్నట్టవుతుంది.

నాలుగు రోజులు మోకాలు కుండలా వాచింది. అది మామూలే. జ్వరం, కీలు ఎర్రబడి వేడెక్కడం, పిక్కలో నొప్పి మాత్రం మామూలు కాదు, వాటికి అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. వారం కర్రలు, ఆపైన బ్రేస్. రెండో రోజు నుంచే తొడ కండ బిగించడం, మడమ జరుపుతూ మోకాలు వంచడం. జాగ్రత్త పడాల్సింది జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ దగ్గర. మోకాలు చాచే చివరి 30-40 డిగ్రీలలో తొడ కండ కింది ఎముకను ముందుకు లాగుతుంది, ఆ లాగుడంతా ఏసీఎల్ మీదే. తొలి మూడు నెలలు పాదం నేలకో ప్లేటుకో ఆనించి చేసే సగం స్క్వాట్, లెగ్ ప్రెస్ వరకే.

ఆరు నెలల ఎంఆర్ఐలో నారలు ముందుకన్నా నల్లగా, వరుసగా కనిపించాయి, అంటే మెరుగుపడ్డట్టు. ఆ గొప్ప కణాలదేనని నేననను. స్వీడన్‌లో 121 మందితో చేసి 2010లో ప్రచురించిన ట్రయల్‌లో, ఏసీఎల్ తెగాక ముందు వ్యాయామమే మొదలుపెట్టిన గుంపులో రెండేళ్లకు 39 శాతానికే ఆపరేషన్ అవసరమైంది. నాకు ఇంజెక్షన్‌తో పాటు ఆరు నెలల ఫిజియో కూడా జరిగింది. రెండింటినీ విడదీసి చూడటానికి నాకు ఇంకో కుడి మోకాలు లేదు.

ఆటకు పంపేముందు ఒంటికాలి దూకుడు కొలిచారు. ఎడమ 148 సెంటీమీటర్లు, కుడి 126, అంటే 85 శాతం. 90 దాటితేనే కోర్టులోకి. ఇంకో ఆరు వారాలు స్టెప్ పెట్టె ఎక్కి దిగుతున్నాను.