వియ్యంకుడి వంశవృక్షంలో ఉరికంబం

ప్లిమత్ రాక్ చూద్దామని బోస్టన్ నుంచి రూట్ 3 పట్టుకుని వెళ్ళేవాళ్ళకు ముందే చెప్తున్నా, అది చాలా చిన్న రాయి. చుట్టూ గ్రానైట్ స్తంభాలు, మధ్యలో గొయ్యి, గొయ్యిలో ఇసుక, ఆ ఇసుకలో ఓ రాయి, దాని మీద 1620 అని అంకెలు. ఆ అంకెలు కూడా 1880లో చెక్కినవే! ఆ ఏడాది ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు రాసిపెట్టుకున్న వాటిలో ఈ రాయి ఊసే లేదు. 1741లో అక్కడ రేవు కట్టబోతుంటే థామస్ ఫాన్స్ అనే 94 ఏళ్ళ పెద్దాయన కుర్చీలో మోయించుకుని వచ్చి, మన పెద్దలు కాలు పెట్టింది ఈ రాయి మీదే అన్నాడట. అదీ ఆధారం. 1774లో ఊళ్ళోకి తరలించబోతే రెండు ముక్కలైంది కూడా. మా ఊరి బొడ్రాయి ఇంతకంటే పెద్దది, పైగా దాని దగ్గర పార్కింగ్‌కు డబ్బులు తీసుకోరు.

ఈ ప్రయాణం మా అమెరికన్ వియ్యంకుడి గారి పట్టుదల. అమ్మాయి పెళ్ళప్పుడు పల్నాడులో మా ఊరు, పొలం, ఇల్లు అన్నీ చూపించాం కదా, ఇప్పుడు తన వంతు అంటాడు. వాళ్ళ పూర్వీకుడు మేఫ్లవర్‌లో వచ్చాడని అల్లుడు ఎప్పుడో అన్నాడు గానీ నేను పెద్దగా పట్టించుకోలేదు. 102 మంది ఎక్కిన ఓడ అది. మొదటి చలికాలానికే వాళ్ళలో దాదాపు సగం మంది పోయారు. అలాంటి ఓడలో వచ్చినవాడంటే ఏ పాస్టరో, గవర్నరో అయ్యుంటాడనుకున్నా.

మధ్యాహ్నం లాబ్‌స్టర్ రోల్ తిన్నాం. బన్నులో నాలుగు ముక్కలు పెట్టి వాళ్ళు వేసిన బిల్లు చూసి మా ఆవిడ రూపాయల్లోకి మార్చడం మొదలుపెట్టింది, నేనే ఆపాను. ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఊరి వెనక ఓ చెరువు దగ్గరికి తీసుకెళ్ళాడు. పేరు మాత్రం బిల్లింగ్టన్ సీ. 1621 జనవరిలో ఫ్రాన్సిస్ బిల్లింగ్టన్ అనే కుర్రాడు చెట్టెక్కి చూసి, అదిగో పెద్ద సముద్రం అన్నాడట, ఆ పేరే ఉండిపోయింది. వియ్యంకుడు గారు కారు దిగి, చేతులు నడుము మీద పెట్టుకుని, ఇదీ మా వాళ్ళ ఆస్తి అన్నట్టు చూపించాడు. ఈ ఫ్రాన్సిసే అంతకు నెల ముందు, ఓడ ఇంకా లంగరు వేసి ఉండగా, మందుగుండు పీపా పక్కనే తుపాకి పేల్చాడట. ఓడ మొత్తం పేలిపోవాల్సింది, ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళ అన్న అడవిలో తప్పిపోతే స్థానిక తెగలవాళ్ళు ప్రాణాలతో తిరిగి అప్పగించారు. తల్లి ఎలినార్‌కు 1636లో ఎవరినో నోటికొచ్చినట్టు తిట్టినందుకు కొరడా దెబ్బలు పడ్డాయి. ఇక తండ్రి జాన్, వియ్యంకుడు గారి పూర్వీకుడు ఈయనే, 1630లో ఒక మనిషిని తుపాకితో కాల్చి చంపి ఉరికంబం ఎక్కాడు. ఆ వలసవాళ్ళ ప్లిమత్ కాలనీలో అదే మొదటి ఉరిశిక్ష.

"మొదటిది!" అన్నాడు వియ్యంకుడు గారు, యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినంత సంబరంగా.

నాకు ఏమనాలో తోచలేదు. మా పెదతాత ఒకాయన చేను గట్టు గొడవలో కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు, అంతకుమించి ఏమీ లేదు. ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళిచూపులంటే చాలు, ఆయన ఫొటో గోడ దిగి బీరువాలోకి పోయేది. ఎవరైనా అడిగితే మద్రాసులో వ్యాపారం అనేవాళ్ళు. ఈయనేమో హంతకుడి ఇంటిపేరున్న చెరువు దగ్గరికి వియ్యాలవారిని తీసుకొచ్చి చూపిస్తున్నాడు. ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ కూడా ఆ జాన్ వంశంవాడేనని కలిపాడు. పరువు సర్దుబాటు కోసం కలిపాడనుకుంటే అదీ కాదు, ఆయనకు రెండూ ఒకటే.

పొద్దున రాయి దగ్గర నుంచి కోల్స్ హిల్ ఎక్కాం. అక్కడ స్థానిక వాంపనోగ్ తెగ నాయకుడు మసాసోయిట్ విగ్రహం, దగ్గర్లోనే ఒక పలక ఉన్నాయి. 1970 నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజున అక్కడి మూలవాసులు సంతాపదినం జరుపుకుంటారని ఆ పలక చెప్తుంది. ఈ ఊరు ఉన్నచోట అంతకు ముందు పటుక్సెట్ అనే పల్లె ఉండేది, ఓడ రాకముందే అంటురోగాలకు తుడిచిపెట్టుకుపోయింది. ఆ పల్లెవాళ్ళ వంశవృక్షాలు ఎవరు గీస్తారు అని అడుగుదామనుకున్నా. వియ్యంకుడు గారే టోపీ తీసి చాలాసేపు ఆ పలక దగ్గర నిలబడటంతో ఊరుకున్నా.

తిరుగు ప్రయాణంలో అసలు సంగతి బయటపడింది. 1897లో పెట్టిన మేఫ్లవర్ వారసుల సంఘంలో మా మనవరాలి పేరు చేర్పిస్తాడట! వాళ్ళ దగ్గర మొదటి తరాల వివరాలన్నీ వెండిరంగు అట్టల పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి, అక్కడి నుంచి మన దాకా ప్రతి పుట్టుకకీ, పెళ్ళికీ, చావుకీ కాగితం చూపించాలి. ఆడవాళ్ళ మీదుగా వచ్చినా వంశం వంశమే. ఈయన గొలుసులోనే నాలుగుచోట్ల ఆడవాళ్ళున్నారు. మన లెక్కలో మనవరాలికి మా గోత్రం రాదు, అల్లుడికి గోత్రమే లేదు కాబట్టి పెళ్ళిలో పురోహితుడు కాశ్యప గోత్రం అని కానిచ్చేశాడు. మాకు కాగితాలెక్కడివి, చిన్నప్పుడు కళ్ళాల దగ్గరికి పిచ్చుకగుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులంటున్నారు, వచ్చి మా వంశం పొగిడి, జొన్నలు కొలిపించుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళు రావడం మానేశాక మహాలయ అమావాస్యకు స్వయంపాకం ఇచ్చేటప్పుడు అయ్యవారు అడిగే మూడు తరాల పేర్లే మిగిలాయి.

ఆయన ఫైలు తీసి చూపించాడు. 1620 నుంచి 1986లో అల్లుడు పుట్టేదాకా ఎక్కడా తెగలేదు. లోటల్లా 1989 దగ్గరే, మా అమ్మాయి బర్త్ సర్టిఫికెట్ కూడా కావాలంటాడు. అందులో తండ్రి పేరుంది, తల్లి పేరుంది, పిల్ల పేరు గడి ఖాళీ. ఆ రోజుల్లో బారసాల కాకముందే నర్సింగ్ హోమ్ వాళ్ళు మున్సిపాలిటీకి పంపేసేవాళ్ళు, మళ్ళీ వెళ్ళి పేరెక్కించుకున్నవాళ్ళు ఎంతమంది? పాస్‌పోర్టుకు టెన్త్ సర్టిఫికెట్‌తో పనైపోయింది, దీనికి అది కుదరదట. 400 ఏళ్ళ కిందటి ఉరిశిక్షకు రికార్డుంది, మా పిల్ల పేరుకు లేదు.

బావమరిది రెండు వారాలుగా ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. ముందు అఫిడవిట్ అన్నారు, తర్వాత స్కూలు నుంచి లెటర్ అన్నారు, ఆ తర్వాత పాత రిజిస్టర్లు వేరే బిల్డింగ్‌కు మార్చామన్నారు. నిన్న ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారని చెప్పాడు. ఏ సోమవారమో వాళ్ళు చెప్పలేదట.