ముడుపులోని రూపాయి

ఈ రోజు ఆదివారం. తెల్లవారుజామునే గోవిందరాజస్వామి గుడి దగ్గరికి వెళ్ళి, అక్కడ పూలమ్మే ఆవిడ నుంచి ఐదు వందలకు పది రూపాయల బిళ్ళలు తెచ్చుకున్నాను. మా ఊళ్ళో పది రూపాయల నాణెం ఇస్తే తీసుకోవడానికి చాలామంది దుకాణదారులు ఇప్పటికీ వెనకాడతారు. అప్పటికి వచ్చిన పద్నాలుగు రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించినా ఆ సందేహం తీరలేదు. అందువల్ల యాత్రికులు ఇచ్చిపోయిన బిళ్ళలన్నీ ఆవిడ డబ్బాలో పేరుకుపోతాయి, నోటు ఇచ్చి తీసుకెళ్ళే నేను ఆవిడకు ఆదివారాల్లో ఎదురుచూసే మనిషినయ్యాను. నాణేలు సేకరించేవారికి తిరుపతి కంటే మంచి ఊరు ఉంటుందని నేను అనుకోను. దేశంలోని ప్రతి మూల నుంచీ వచ్చేవారి జేబుల్లోని చిల్లర ఇక్కడే కలుస్తుంది.

ఇంటికి వచ్చి, పాత పంచె ముక్క పరిచి, బిళ్ళలన్నీ దాని మీద పోసి, ఒక్కొక్కదాన్నీ భూతద్దం కింద చూశాను. సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, చిన్న చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా టంకశాలలో తయారైనట్టు లెక్క. ఈ యాభైలో నాలుగు టంకశాలలవీ దొరికాయి. వాటితోపాటు రిజర్వు బ్యాంకు ప్లాటినం జూబిలీకి 2010లో విడుదల చేసిన నాణెం ఒకటి, అరగకుండా, దాదాపు కొత్తదానిలా చేతికొచ్చింది. ఇలాంటి స్మారక నాణేలను టంకశాల వారే అందమైన పెట్టెల్లో అమ్ముతారు, ముందుగా డబ్బు కట్టి బుక్ చేసుకుంటే పోస్టులో ఇంటికే వస్తాయి. నా దగ్గరా కొన్ని ఉన్నాయి గానీ, ఎవరికీ ఏమీ కొనిపెట్టని ఆ నాణేల మీద నాకు అంతగా మనసు నిలవదు.

పది గంటలకు గాంధీ రోడ్డులో నాకు తెలిసిన ఒక వెండి దుకాణానికి వెళ్ళాను. పాత వెండి రూపాయలు ఇంట్లోవాళ్ళు తూకానికి అమ్మేస్తారు. కరిగించే లోపల మనం వెళ్ళగలిగితే, వెండి ధర మీద కాస్త కలిపి ఇచ్చి దక్కించుకోవచ్చు. దుకాణదారు నా కోసమే పక్కన పెట్టానంటూ 1939 నాటి ఆరో జార్జి రూపాయి ఒకటి చూపించాడు. ఆ సంవత్సరపు రూపాయి అరుదైనది కాబట్టి ఒక్క క్షణం గుండె వేగంగా కొట్టుకున్న మాట నిజం. కానీ తూకం వేస్తే పది గ్రాములు దాటి కొద్దిగానే వచ్చింది. అసలైనదైతే 11.66 గ్రాములు ఉండాలి, అరుగుదల వల్ల పోయేది అంత ఉండదు. వేలి చివర నిలబెట్టి మీటితే మోత సన్నగా సాగకుండా అక్కడికక్కడే ఆగిపోయింది. అంచు తిప్పి చూస్తే గీట్ల మధ్యగా, మూసలో పోసి చేసిన నకిలీకి పడే అతుకు సన్నని గీతలా కనిపించింది. అతడూ నమ్మి కొన్నవాడే కాబట్టి నెమ్మదిగా చెప్పి, దానికి బదులు 1862 సంవత్సరం వేసిన విక్టోరియా రూపాయి ఒకటి తీసుకున్నాను. 1862 అన్న అంకె 1874 దాకా మారకుండా అలాగే ముద్రపడింది కనుక, వెనక వైపు ఉన్న చిన్న చుక్కలను లెక్కపెట్టుకుంటూ అది ఎప్పటిదో తేల్చుకోవాలి. ఆ పని రాత్రికి పెట్టుకున్నాను.

మూడు స్వాముల వరహా చూడాలన్న కోరిక మాత్రం ఏళ్ళ నుంచీ అలాగే ఉంది. ఇద్దరు దేవేరులతో వెంకటేశ్వరస్వామి నిలబడి ఉండే ఆ బంగారు వరహాను ఈస్టిండియా కంపెనీ వారు కూడా ముద్రించారు. అటువంటివి వేలంపాటల్లోనే దొరుకుతాయి. పొలం దున్నుతుంటే బయటపడ్డాయని ఒకాయన ఆ మధ్య మట్టిపట్టిన రాగి నాణేలు తెచ్చినప్పుడు, నేను కొనకుండా కలెక్టరు గారికి తెలియజేయమని చెప్పాను. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే చెప్పి తీరాలి. ఆ నాణెం ఏ పొలంలో, ఎంత లోతున, వేటితో కలిసి ఉన్నదో చెరిగిపోతే, మిగిలేది రాగి ముక్కే.

మధ్యాహ్నం చంద్రగిరిలో ఉన్న మా పెద్దమ్మ కబురు చేసింది. దేవుడి గూటిలో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి ఉంది, విప్పి చూడమని పిలిచింది. కొడుకు పుడితే కొండకు నడిచి వస్తానని వాళ్ళ అత్తగారు మొక్కుకుని కట్టారట. కొడుకు పుట్టాడు గానీ ఆవిడ కొండ ఎక్కకుండానే పోయారట. గుడ్డలో ఏడు రూపాయలున్నాయి. ఒకటి ఐదో జార్జి కాలంలో 1919లో వేసిన మంచి వెండి. ఐదు రెండో ప్రపంచ యుద్ధ కాలానివి, వెండి సగానికి తగ్గించినవి. మిగిలిన ఒక్కటి 1947 నాటి పులి బొమ్మ నికెల్ రూపాయి, అయస్కాంతానికి టక్కున అంటుకుంది. అక్షరాల సందుల్లో పసుపు గట్టిపడిపోయి, రాజు మెడ చుట్టూ గంధం పూసినట్టుగా ఉంది. పెద్దమ్మ మనవరాలు వాటిని తోమడానికి అప్పటికే చింతపండు నానబెట్టింది. తోమితే పై పొర పోయి నాణెం గుణమే పోతుందని చెప్పి, చేయి పట్టుకుని ఆపాను.

యుద్ధకాలపు ఐదింటిలో ఒకటి 1944లో లాహోరులో ముద్రించినది, కింద చిన్న 'ఎల్' అక్షరం స్పష్టంగా నిలిచి ఉంది. నా దగ్గర ఉన్నదాంట్లో అది అరిగి సగమే కనిపిస్తుంది. పెద్దమ్మ నా చూపు కనిపెట్టి, "అది నువ్వు తీసుకో అమ్మణ్ణీ, బదులు కొత్త రూపాయి పెడతాను, దేవుడు లెక్కలు చూస్తాడా ఏం" అంది. ఈ ఏడింటిలో వెండివాటికి ధర ఎంత వస్తుందో ముందు ఆవిడకు వివరంగా చెప్పాను. తరువాత, మొక్కుకున్న వస్తువు మొక్కుకున్నట్టే కొండ మీది హుండీ కొప్పెరలో పడాలని, నేను తీసుకోనని చెప్పాను. సేకరణకు ఒక నాణెం ఎలా చేరిందన్నదాన్ని దాని సంవత్సరం కంటే ముందు రాసుకునేదాన్ని నేను, ఈ నాణెం పక్కన ఏమని రాసుకోగలను? పెద్దమ్మ కాసేపు ఆలోచించి, ఏడింటినీ మళ్ళీ ఆ గుడ్డలోనే మూట కట్టింది.

కట్టే ముందు ఒక్కొక్కదాన్నీ రెండు వైపులా ఫొటో తీసి, తూకం వేసి నోటుబుక్కులో రాసుకున్నాను. గురువారం పెద్దమ్మ శ్రీవారి మెట్టు దారిన నడిచి వెళ్తుంది. మోకాళ్ళ నొప్పితో అన్ని మెట్లు ఒక్కతే ఎక్కలేదు కనుక సెలవు పెట్టి నేను కూడా వెళ్తున్నాను.