బల్ల మీద నల్ల చారలు

పన్నెండు కావస్తోంది, నిద్ర పట్టట్లేదు. డాబా మీద బల్ల గురించే.

మొన్నటిదాకా దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో మీకు తెలుసు. రెండు చివర్లా మొక్కల పెట్టెలు, మధ్యలో 4 అడుగుల కూర్చునే పలక, ఒక పెట్టెలో కనకాంబరాలు, ఇంకోదాంట్లో మరువం. తడిమట్టి ఘనపుటడుగు 45 కిలోల దాకా తూగుతుంది కాబట్టి పెట్టెలు రెండూ కింద గోడ ఉన్న వైపే పెట్టించాను, మట్టిలో సగం కొబ్బరిపొట్టు కలిపాను, అడుగున బెజ్జాలు వేయించి నీళ్లు పోవడానికి 2 అంగుళాల ఎత్తున నిలబెట్టాను. ఇంత చేసి స్క్రూల దగ్గర మాత్రం ఒక మనిషి మాట నమ్మాను.

సాయంత్రం మొక్కలకి నీళ్లు పోసి బల్ల తుడుస్తుంటే కనిపించింది, ప్రతి స్క్రూ కిందా కాటుక కారినట్టు ఒక నల్ల చార. గుడ్డతో రుద్దినా పోలేదు, గోటితో గీకినా పోలేదు. స్క్రూ తలలు ఎర్రగా తుప్పు. మూడు నెలలు కూడా కాలేదు! కొట్లో రెండుసార్లు అడిగాను, "విశాఖ గాలికి మామూలు ఇనుము నిలవదు బాబూ, తుప్పు పట్టని స్టీలువే ఇవ్వండి" అని. "స్టీలేనమ్మా, గ్యారంటీ" అన్నాడు, ధర కూడా స్టీలుదే తీసుకున్నాడు. జింకు పూత మెరుపు చూసి నేనూ నమ్మాను. 80 స్క్రూలు. డబ్బు పోతే పోయింది, అంత విడమరిచి అడిగాక కూడా మొహం మీదే అబద్ధం చెప్పడం మింగుడు పడట్లేదు. దానికి తోడు మా ఆయన, "పోనీలే, బ్రౌన్ పెయింట్ వేసేద్దాం, ఎవరు చూస్తారు" అన్నారు. నేను చూస్తాను కదా, రోజూ. అత్తయ్యగారి ఊరి ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలం అది, దానికి పెయింటా? అన్నం తినేటప్పుడు కూడా నేను మాట్లాడలేదు.

ఆక్సాలిక్ యాసిడ్ పట్టిస్తే ఆ నలుపు పోతుంది, రేపే తెప్పిద్దామనుకున్నాను. కానీ పడుకున్నాక ఆ నలుపే కళ్ల ముందు తిరుగుతూ ఉంటే గుర్తొచ్చింది, పెడన. వేసవి సెలవుల్లో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ వీధిలో కలంకారీ అద్దకం చూస్తూ పొద్దంతా అక్కడే ఉండేదాన్ని. పెరట్లో కుండలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రోజుల తరబడి పులియబెట్టేవాళ్లు, ఆ వాసనకి ముక్కు మూసుకుని మరీ నిలబడేదాన్ని. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపు రంగులో ఉండేది. ఆ పులిసిన నీళ్ల రంగులో చెక్క అచ్చు అద్ది గుడ్డ మీద కొడితే, పడింది పడినట్టే నల్లబడిపోయేది. "ఇంకోటి కొట్టు తాతా" అని బతిమాలేదాన్ని. "ఇనుమూ వగరూ కలిస్తే అంతే పాపా, ఉతికినా వదలదు" అనేవాడు అద్దకం తాత. టేకులోనూ ఆ వగరే. నా బల్ల మీద కారింది ఆ కుండలో నలుపే.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే తోచింది, అందుకే లేచి కూర్చున్నాను. దూలాన్ని పలకలుగా కోయించినప్పుడు ఒక బెజ్జం చుట్టూ రూపాయి బిళ్లంత నల్ల మచ్చ ఉండేది. మసి అనుకుని మిల్లులో చిత్రిక పట్టించేశాను. "అది ఉయ్యాల కొక్కెం ఉన్న చోటమ్మా" అన్నారు అత్తయ్య ఆ రోజు, ఇంకేమీ అనలేదు. మా ఆయన్నీ మా ఆడపడుచునీ ఊపిన ఉయ్యాల. అన్నేళ్ల మచ్చని ఒక్క పూటలో తీయించేశాను.

స్క్రూలు మార్చాల్సిందే, ఆ మట్టి బరువుకి ఇవి నిలవవు. కొట్టువాడి మీద కోపమూ తగ్గలేదు, రేపు వెళ్లి అడుగుతాను. యాసిడ్ మాత్రం వద్దేమో, ముందు వైపు చారలకి ఒక్కటే పట్టిద్దామా అని కూడా ఉంది, ఇంకా తేలలేదు. కూర్చునే పలక కింది వైపు చిత్రిక పట్టించలేదు. పొద్దున్నే టార్చి తీసుకుని బల్ల కిందికి దూరి చూడాలి, ఆ కొక్కెం మచ్చ అటు వైపు ఏమైనా మిగిలిందేమో. మిగిలితే అత్తయ్యని పైకి తీసుకొస్తాను.