క్లోరోప్లాస్ట్‌లో రైబోజోమ్ జీన్స్ వెతుకుతుంటే...

క్లోరోప్లాస్ట్ (మొక్క కణంలో కిరణజన్య సంయోగక్రియ జరిగే భాగం) డీఎన్ఏ సీక్వెన్స్ చేతికి రాగానే చాలామంది చేసేది ఒకటే, ఫైల్‌ని జీసెక్‌లో (ఏ జీన్ ఎక్కడుందో గుర్తించే ఆన్‌లైన్ టూల్) పడేసి రంగురంగుల మ్యాప్ వచ్చేస్తే హమ్మయ్య పనైపోయింది అనుకోవడం. ఫోటోసిస్టమ్ జీన్స్ వరకూ ఓకే గానీ రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ప్రోటీన్ల జీన్స్ మాత్రం ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకోవాల్సిందే, నా మాట నమ్మండి.

పూల మొక్కల్లో ఇవి మామూలుగా 21 ఉంటాయి, చిన్న సబ్‌యూనిట్‌వి ఆర్‌పీఎస్ పేరుతో 12, పెద్దదానివి ఆర్‌పీఎల్ పేరుతో 9. ఆ రైబోజోమ్‌కి కావాల్సిన మిగతా ప్రోటీన్ల జీన్స్ అన్నీ న్యూక్లియస్‌లోనే.

నాకు భలే నచ్చేది ఆర్‌పీఎల్16. దాని మొదటి ఎక్సాన్ (ప్రోటీన్ కోడ్ ఉండే ముక్క) మొత్తం 9 బేసులే, చాలా మొక్కల్లో ఏటీజీ సీటీటీ ఏజీటీ, అంతే, ఆ వెంటనే జీటీజీటీజీ అంటూ ఇంట్రాన్ (ఆర్ఎన్ఏలోంచి తర్వాత కత్తిరించేసే మధ్య ముక్క) మొదలై దాదాపు వెయ్యి బేసులు సాగుతుంది. అంత చిన్న ముక్కని బ్లాస్ట్ (పోలిన సీక్వెన్స్‌లు వెతికే ప్రోగ్రామ్) ఎక్కడ పట్టుకుంటుంది చెప్పండి, అందుకే కొన్ని ఫైల్స్‌లో జీన్ రెండో ఎక్సాన్ నుంచే మొదలైనట్టు ఉంటుంది, మనమే వెనక్కి వెళ్ళి వెతికి కలుపుకోవాలి.

ఆర్‌పీఎస్12 ఇంకా ఘోరం, మొదటి ఎక్సాన్ ఒకచోట, మిగతావి ఎక్కడో ఇన్వర్టెడ్ రిపీట్‌లో (తిరగేసిన దిశలో రెండుసార్లు ఉండే భాగం), పైగా అక్కడ రెండు కాపీలు. రెండు ఆర్ఎన్ఏలు విడివిడిగా తయారయ్యి తర్వాత అతుక్కుంటాయి. టూల్ మధ్యలో ఉన్నదంతా ఇంట్రాన్ అనుకుని పొడుగ్గా గీత గీసేస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

స్టార్ట్ కోడాన్ (ప్రోటీన్ కోడ్ మొదలయ్యే మూడు బేసులు) ఏటీజీ కాకపోతే కంగారుపడి సూడోజీన్ (పాడైపోయి పనిచేయని జీన్) అని రాసేయకండి. మొక్కజొన్న ఆర్‌పీఎల్2లో డీఎన్ఏలో ఏసీజీనే ఉంటుంది, ఆర్ఎన్ఏ ఎడిటింగ్‌లో (ఆర్ఎన్ఏ తయారయ్యాక అందులో బేసు మారడం) ఏయూజీ అవుతుంది, క్లోరోప్లాస్ట్‌లో ఎడిటింగ్ జరుగుతుందని 1991లో మొదట తెలిసింది దీనివల్లే. పొగాకు ఆర్‌పీఎస్19 అయితే జీటీజీతో మొదలవుతుంది. అలాగని అన్నీ బతికే ఉంటాయనీ కాదు, పాలకూర జాతి స్పినాచ్‌లో ఆర్‌పీఎల్23 నిజంగానే పాడైపోయింది.

ఇక అసలు కనపడకపోతే? బఠానీలో ఆర్‌పీఎల్22 క్లోరోప్లాస్ట్ వదిలి న్యూక్లియస్‌కి వెళ్ళిపోయింది, కాబట్టి "లేదు" అని రాసేముందు ట్రాన్స్‌క్రిప్టోమ్‌లో (మొక్కలో తయారయ్యే ఆర్ఎన్ఏల సీక్వెన్స్‌లన్నీ) కూడా ఒకసారి వెతకండి, దొరికితే ముందువైపు ట్రాన్సిట్ పెప్టైడ్ (ప్రోటీన్‌ని క్లోరోప్లాస్ట్‌లోకి చేర్చే అడ్రస్ లాంటి ముక్క) ఉందో లేదో చూడండి.