రాగిలో ఎర్ర చుక్కలు

హాంబర్గ్ వచ్చిన కొత్తలో నన్ను బాగా నవ్వించిన మాట ‘హెల్‌ఫెల్ట్’. మైక్రోస్కోపులో వెలుగు పడే తీరు మార్చే స్లైడర్ మీద రాసి ఉండేది. హెల్ అంటే మనకు తెలిసింది నరకమే కదా. జర్మన్లకు అది వెలుతురు. హెల్‌ఫెల్ట్ అంటే బ్రైట్‌ఫీల్డ్, డుంకెల్‌ఫెల్ట్ అంటే డార్క్‌ఫీల్డ్. శాంపిల్ మీద వెలుగు పడేసే రెండు పద్ధతులివి. విశాఖలో మెటలర్జీ (లోహశాస్త్రం) చదివేటప్పుడు మొదటిది రోజూ వాడాను. రెండోది పరీక్ష కోసం బట్టీ పట్టాను, అంతే.

మా ల్యాబ్‌కి వచ్చేది ఎక్కువగా రాగి. ముక్క కోసి, రెజిన్‌లో బిగించి, ఎమరీ కాగితాల మీద అరగదీసి, చివరికి 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో అద్దంలా తేవాలి. రాగి మెత్తన, స్టీలు మీద పడని గీతలన్నీ దాని మీద పడతాయి. ఇదంతా ఫోన్‌లో చెబితే మా అమ్మ, “రాగి చెంబు తోముకోడానికి జర్మనీ దాకా ఎల్లాలేట్రా?” అంది.

రెండో నెలలో ఒక శాంపిల్ వచ్చింది. ఆక్సిజన్ లేని రాగి అని చెప్పి అమ్మితే కస్టమర్ కొన్నాడట, అనుమానంతో మాకు పంపాడు. 50 ఎక్స్ (50 రెట్లు పెంచే) లెన్సుతో చూస్తే గులాబీ రంగు రాగి మీద నీలం కలిసిన బూడిద రంగు చుక్కలు, సన్నగా, వరసగా. సల్ఫైడ్ (గంధకం కలిసిన రాగి) అని రాసేశాను. సంతకం పెట్టాల్సిన పెద్దాయన రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డవాడు, మాట తక్కువ. లేచి వచ్చి నా భుజం మీదుగా స్లైడర్ లాగి, దీపం వెలుగు పెంచి, చూడమన్నట్టు తల ఊపాడు. రాగి మొత్తం నల్లబడిపోయింది. ఆ నలుపులో నేను సల్ఫైడ్ అన్న చుక్కలు కెంపుల్లా ఎర్రగా వెలుగుతున్నాయి.

“సల్ఫైడ్ అయితే ఎర్రబడదు,” అన్నాడు. అంతే, వెళ్ళి కూర్చున్నాడు.

అది క్యూప్రస్ ఆక్సైడ్. అంటే రాగిలో ఆక్సిజన్ ఉందన్నమాట. అలాంటి రాగిని హైడ్రోజన్‌లో వేడి చేస్తే లోపల నీటి ఆవిరి పుట్టి, గ్రెయిన్ల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) సరిహద్దుల వెంబడి పగుళ్లు వస్తాయి. ఆ కస్టమర్ చేయబోయేది సరిగ్గా అదే పని. రిపోర్టు చింపేసి మళ్ళీ రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్రైట్‌ఫీల్డ్‌లో దీపం కాంతి ఆబ్జెక్టివ్ (శాంపిల్‌కి దగ్గరగా ఉండే గొట్టం) లెన్సుల్లోంచే కిందికి దిగి, నున్నటి రాగి మీద పడి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. ఆ పైపై మెరుపులో ఆక్సైడ్ అసలు రంగు కొట్టుకుపోతుంది, బూడిద రంగే మిగులుతుంది. డార్క్‌ఫీల్డ్ ఆబ్జెక్టివ్‌లో లెన్సుల చుట్టూ ఇంకో బోలు గొట్టం ఉంటుంది. కాంతి దాంట్లోంచి ఉంగరంలా దిగి, నాలుగు వైపుల నుంచీ ఏటవాలుగా పడుతుంది. నున్నటి చోట పడింది అవతలికి జారిపోతుంది, లెన్సులోకి రాదు. గీతకో, దుమ్ముకో, అంచుకో తగిలి చెదిరిందే పైకి వస్తుంది. పెంకుల సందులోంచి పడే ఎండలో దుమ్ము కనబడదూ, అలాగ. ఆక్సైడ్ కాస్త కాంతిని లోపలికి పోనిస్తుంది కాబట్టి, లోపల తిరిగి బయటికొచ్చిన ఎరుపు మన కంట పడుతుంది.

అయితే డార్క్‌ఫీల్డ్‌కి మొహమాటం లేదు. బ్రైట్‌ఫీల్డ్‌లో అద్దంలా ఉందని మురిసిపోయిన శాంపిల్ మీద, పిల్లి గోళ్లతో రక్కినట్టు నా పాలిషింగ్ గీతలన్నీ తెల్లగా మెరిశాయి.

తర్వాత పక్క గదిలోని పాత మైక్రోస్కోపు దగ్గర ఇంకో తప్పు చేశాను. దానికీ డార్క్‌ఫీల్డ్ స్లైడర్ ఉంది, లాగాను. కటిక చీకటి. బల్బు పోయిందనుకుని విప్పి చూశాను కూడా. తీరా చూస్తే ఆబ్జెక్టివ్‌లన్నీ ఉత్త బ్రైట్‌ఫీల్డ్‌వి. బోలు గొట్టమే లేనిచోట కాంతి ఎటునుంచి దిగుతుంది? సరే, మా దాంట్లోంచి ఒకటి విప్పి పెడదామంటే మర పట్టలేదు. పాతదాని మర 20 మిల్లీమీటర్లు, మా డార్క్‌ఫీల్డ్ వాటిది 26.

బ్రైట్‌ఫీల్డ్, డార్క్‌ఫీల్డ్ రెండూ చేసేదాన్ని బీడీ ఆబ్జెక్టివ్ అంటారు. (మా తాతకి చెబితే అగ్గిపెట్టె అడిగేవాడు.) లావుగా ఉంటుంది, ఖరీదెక్కువ, కొన్నిట్లో లెన్సుకీ శాంపిల్‌కీ మధ్య ఎడం తగ్గుతుంది. బ్రైట్‌ఫీల్డ్‌లో మాత్రం మామూలు దానికి తీసిపోదు. పూత మందం కొలవడానికో, స్టీల్లో గ్రెయిన్ సైజు చూడడానికో అయితే దానికి డబ్బు తగలేయక్కర్లేదు. రాగి చూసే ల్యాబ్‌లో అది లేకపోతే సగం గుడ్డితనమే.

పాత మైక్రోస్కోపుకి 26 మర ఉన్న టరెట్టు (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరుగుడు బిళ్ల), నాలుగు బీడీ ఆబ్జెక్టివ్‌లు కావాలని కాగితం పెట్టాను. టరెట్టు ఇచ్చారు, ఆబ్జెక్టివ్‌లు రెండే: 20 ఎక్స్, 50 ఎక్స్. మిగిలిన రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు బిగించాను. దుమ్ము పడితే డార్క్‌ఫీల్డ్‌లో అదీ మెరుస్తుంది.